హిప్నాటిజం వైద్యమా? వశీకరణమా?

ఈ సంవత్సరం సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా రాయమని సొసైటీ పెద్దలు అడిగినప్పుడు షుగర్ వ్యాధి గురించో, మన బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడ్ గురించో రాద్దామనుకున్నాను. ఫ్లోరైడ్ గురించి మన అనంతపురం జిల్లాలో ఎంత రాసినా తక్కువే. అయితే నా బడిలో జరిగిన ఒక సంగతి మనసులో నుంచి పోవడం లేదు. అందులో నా తప్పు కూడా ఉంది. కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. పెద్దాసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రోజూ వేసుకుంటాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప రాదు. వాళ్ళ నాన్నది నాలుగెకరాల వేరుశనగ, ఎండిపోయిన రెండు బోర్లు, కొన్ని గొర్రెలు. ఒకరోజు ఆయన బడికి వచ్చి, "మేడమ్, ఒకాయప్ప హిప్నాటిజం చేస్తాడంట. కండ్లలోకి చూసి నిద్రబుచ్చి, మనసులో ఉండే రోగం తీసేస్తాడంట. మాత్రలు అక్కర్లేదంట. నిజమేనా?" అని అడిగాడు. అప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "హిప్నాటిజం నిజమైనదే. నాకు కూడా మేలు చేసింది" అన్నాను. ఆయన అడిగింది రెండు ప్రశ్నలు. నేను ఒకదానికే జవాబు చెప్పాను. మాత్రల సంగతి నా చెవిన పడినా మనసుకు పట్టలేదు.

బక్రీద్‌కు అమ్ముకుందామని పెంచిన పొట్టేలును ముందే అమ్మేసి మూడు సిట్టింగులకు డబ్బు కట్టారు. మాత్రలు ఆపేశారు. పన్నెండో రోజున ఉదయం ప్రార్థన వేళ ఆ పిల్లవాడికి మూర్ఛ వచ్చింది. అది తగ్గి తెలివి రాకముందే మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి. 108 వచ్చేసరికి మా పి.ఇ.టి. మాస్టారు వాడిని ఒక పక్కకు తిప్పి పట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

ఆ తండ్రికి ఆ రోజు నేను చెప్పవలసిన మాటలు ఇప్పుడు వివరంగా చెబుతాను.

ముందు నాకు జరిగిన మేలు సంగతి. కొన్నేళ్ళ క్రితం కదిరి దారిలో మేము ఎక్కిన బస్సు బోల్తా పడింది. నాకు చెయ్యి విరగడం తప్ప పెద్ద గాయం కాలేదు. చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంది. కానీ బస్సు మెట్టు మీద కాలు పెడితే చెమటలు, గుండె దడ. ఏడు నెలలు బడికి ఆటోలో వెళ్ళాను. జీతంలో ఎంత ఆటోకే పోయిందో మా ఇంట్లోవారికి తెలుసు. చివరికి మనోరోగ వైద్యుని దగ్గరికి వెళితే, ఆయన నన్ను పరీక్షించి, తన దగ్గర పనిచేసే సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆమె హిప్నాసిస్ చేస్తానన్నప్పుడు నేను జడిసిపోయాను. సినిమాల్లో చూసినట్టు లోలకం ఊపుతారేమో, తెలివి తప్పి ఇంటి గుట్టంతా చెప్పేస్తానేమో అనుకున్నాను.

అలాంటిదేమీ జరగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా ఉన్న ఒక చుక్కను చూడమన్నారు. ఊపిరి మీద దృష్టి పెట్టమన్నారు. కాళ్ళ నుంచి తల దాకా ఒక్కొక్క భాగం బరువెక్కుతున్నట్టు, సడలుతున్నట్టు నెమ్మదిగా చెబుతూ వచ్చారు. బయట కూరగాయల బండివాడు అరవడం నాకు వినిపిస్తూనే ఉంది. కానీ ఆ అరుపు ఎక్కడో దూరంగా, నాకు సంబంధం లేనట్టుగా ఉంది. అప్పుడు ఆమె నన్ను ఊహలో బస్సు స్టాండుకు తీసుకువెళ్ళారు. దడ మొదలైతే వెంటనే వెనక్కి తెచ్చి, ఊపిరి మీద నిలిపి, మళ్ళీ తీసుకువెళ్ళారు. ఇలా నాలుగు వారాలు. అయిదో వారం నిజం బస్సులో ఒక స్టాపు దూరం, మా చెల్లెలు పక్కన కూర్చుంటే, వెళ్ళాను. ఇప్పటికీ కదిరి దారిలో ఆ మలుపు దగ్గర నా చెయ్యి ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంటుంది. అయినా ప్రయాణం చేస్తున్నాను.

హిప్నాసిస్ అంటే నిద్ర కాదు. మనసు ఒకే చోట నిలిచి, చుట్టుపక్కల సంగతులు వెనక్కి తగ్గి, చెప్పిన మాటను మామూలు కంటే సులువుగా లోనికి తీసుకునే స్థితి. ఇందులో కొత్త వింత ఏమీ లేదు. చంటిపిల్ల పడి మోకాలు గీరుకుంటే మన ఇళ్ళల్లో అమ్మీలు నేలను కొట్టి "చూంటీ మర్ గయీ" అంటారు. పిల్ల చచ్చిన చీమ కోసం వెతుకుతూ ఏడుపు మరచిపోతుంది. మోకాలు మానలేదు, నొప్పి మాత్రం తగ్గింది. హిప్నోథెరపీ చేయగలిగింది, చేయలేనిది కూడా ఈ చిన్న సంగతిలోనే ఉన్నాయి.

దీనిని మన పెద్దవాళ్ళు ఎప్పుడో గమనించారు. వెయ్యేళ్ళ క్రితం హకీముల గురువు ఇబ్న్ సీనా (980–1037) తన షిఫా గ్రంథంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. నేల మీద పరిచిన పలక మీద ఎవరైనా తేలికగా నడుస్తారు. అదే పలకను లోతైన గుంట మీద వేస్తే పడిపోతానన్న ఊహే మనిషిని పడేస్తుంది. పలక మారలేదు, కాళ్ళు మారలేదు, ఊహ మారింది. ఊహకు శరీరం మీద ఉన్న పట్టును ఆయన అలా చెప్పాడు. ఆయన మందుల మీద కూడా పెద్ద గ్రంథమే రాసిన వైద్యుడని మరవకూడదు.

ఇప్పుడు మనం హిప్నాటిజం అంటున్నదానికి యూరపులో మొదట మెస్మరిజం అని పేరు. వియన్నాలో వైద్యుడుగా ఉండి 1778లో పారిస్ చేరిన మెస్మర్, మనుషుల శరీరాల్లో కంటికి కనిపించని అయస్కాంత ద్రవం ప్రవహిస్తుందనీ, దాన్ని తన చేతులతో సరిచేసి రోగాలు పోగొడతాననీ చెప్పాడు. జనం తండోపతండాలుగా వచ్చారు. కొందరికి నిజంగానే నయమైంది కూడా. 1784లో ఫ్రాన్సు రాజు విచారణ సంఘం వేశాడు. అందులో అమెరికా నుంచి వచ్చిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ ఉన్నారు. వాళ్ళు చేసిన పరీక్ష నేను పిల్లలకు ఏటా చెబుతాను. ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు మెస్మర్ శిష్యుడు "శక్తి ఎక్కించాడు". తర్వాత ఒక అబ్బాయిని కళ్ళకు గంతలు కట్టి చెట్టు చెట్టు దగ్గరికీ తిప్పారు. వాడు శక్తి లేని చెట్టు దగ్గరే సొమ్మసిల్లి పడిపోయాడు. ద్రవం లేదు, ఉన్నది ఊహ అని సంఘం తేల్చింది. మెస్మర్ పరువు పోయింది. కానీ ఊహ ఒక్కటే పిల్లవాడిని పడగొట్టగలిగితే అది చిన్న సంగతా అని అప్పట్లో ఎక్కువమంది ఆలోచించలేదు.

ఆలోచించినవాళ్ళలో ఒకడు మన దేశంవాడే. గోవాలోని కాందోలిలో 1756లో పుట్టిన అబ్బే ఫారియా అనే క్రైస్తవ మతగురువు 1813 నుంచి పారిస్‌లో ప్రదర్శనలిస్తూ, శక్తి చేసేవాడిలో లేదు, చేయించుకునేవాడి మనసులోనే ఉంది అని చెప్పాడు. ఇప్పటికీ చాలామందికి అర్థం కాని విషయం అదే. పణజిలో ఆయన విగ్రహం ఉంది. పిల్లల్ని గోవా ఎక్స్‌కర్షన్‌కు తీసుకువెళ్ళినవాళ్ళు సముద్రంతో పాటు దాన్ని కూడా చూపించండి. 1843లో మాంచెస్టరు డాక్టరు జేమ్స్ బ్రెయిడ్ గ్రీకు భాషలో నిద్ర అనే మాట నుంచి హిప్నాటిజం అన్న పేరును వాడుకలోకి తెచ్చాడు. ఇది నిద్ర కాదని తర్వాత ఆయనకే అనిపించింది గానీ పేరు అప్పటికే పాతుకుపోయింది. తెలుగులో వచ్చిన తంటా ఇంకా పెద్దది. మనవాళ్ళు దీన్ని వశీకరణం అన్నారు. ఆ మాటతోనే సగం భయం, సగం మోసం లోపలికి వచ్చాయి.

వైద్యంలో దీని పెద్ద పరీక్ష జరిగింది మన దేశంలోనే, బెంగాల్లోని హుగ్లీలో. హుగ్లీ పేరు మన సొసైటీలో పనిచేసేవారికి మరో విధంగా తెలిసి ఉండాలి. హాజీ ముహమ్మద్ మొహ్సిన్ తన ఆస్తినంతా వక్ఫ్ చేసింది అక్కడే. ఆ నిధితోనే 1836లో అక్కడ కాలేజీ మొదలైంది. ఆ ఊళ్ళో స్కాట్లాండ్ నుంచి వచ్చిన జేమ్స్ ఎస్డైల్ అనే డాక్టరు పనిచేసేవాడు. మత్తుమందు అన్నది ఇంకా లోకానికి తెలియని కాలం. ఆపరేషన్ అంటే నలుగురు పట్టుకుంటే ఒకరు కోయడం. 1845 ఏప్రిల్ 4న బుడ్డతో బాధపడుతున్న ఒక ఖైదీ నొప్పికి విలవిలలాడుతుంటే, ఎస్డైల్ తాను పుస్తకాల్లో చదివిందే తప్ప కళ్ళతో చూడని మెస్మరిజాన్ని ప్రయత్నించాడు. అతను నొప్పి తెలియని స్థితిలోకి వెళ్ళాడు. ఎనిమిది నెలల్లో 73 ఆపరేషన్లు అలా చేశానని ఎస్డైల్ 1846లో తన పుస్తకంలో రాశాడు. ప్రభుత్వం సంఘం వేసి చూసి, కలకత్తాలో ప్రయోగం కోసం ఒక చిన్న ఆసుపత్రి ఇచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చరిత్రలో వెనక్కి పోయింది. చీకటి గదిలో రోగి పక్కన గంటల తరబడి కూర్చుని చేతులు ఆడించింది ఎస్డైల్ కాదు. ఆయన నేర్పించిన మన దేశపు ఆసుపత్రి సహాయకులు. వాళ్ళలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. కత్తి పట్టిన దొర పేరు మిగిలింది.

అదే 1846 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్‌తో ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడు క్లోరోఫాం వచ్చింది. మెస్మరిజానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది, అందరికీ పట్టదు. ఈథర్ కొన్ని నిమిషాల్లో దాదాపు ఎవరికైనా పనిచేస్తుంది. అక్కడితో ఆ పోటీ ముగిసింది. అది న్యాయమే.

క్లోరోఫాం అన్నాను కాబట్టి మన హైదరాబాదు మాట చెప్పకుండా ఉండలేను. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు చనిపోయేవారు. గుండె ఆగా, ఊపిరి ఆగా అని వైద్యులు తగవులాడుకునేవారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లోనూ 1889లోనూ హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. ఎడ్వర్డ్ లౌరీ అనే డాక్టరు వాటికి ముందు నిలిచాడు. రూపాబాయి ఫర్దూన్జీ అనే హైదరాబాదు పార్సీ వైద్యురాలు ఆ పనిలో పాల్గొంది. మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి స్త్రీలలో ఆమె ఒకరు. ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదని లౌరీ తేల్చాడు. అది పూర్తిగా నిజం కాదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. వైద్యం అంటే ఇలా ఒకరు చెప్పింది మరొకరు పరీక్షించి సరిదిద్దుతూ ఉండేది. నా పిల్లవాడికి సిట్టింగులు చేసినవాడి మాటను ఎవరు పరీక్షించారు?

మత్తుమందు పోటీలో ఓడినా హిప్నాటిజం చచ్చిపోలేదు. 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్యంలో వాడదగిన పద్ధతిగా ఒప్పుకున్నాయి. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2003లో, సరైన శిక్షణ ఉన్నవారు మాత్రమే చేయాలన్న షరతుతో ఒప్పుకుంది.

ఈ రోజు దేనికి పనికొస్తోంది? నొప్పికి, ముందుగా. మాంట్రియల్ పరిశోధకులు 1997లో మనుషుల చేతులను వేడినీళ్ళలో పెట్టించి, నొప్పి తక్కువ బాధగా ఉందని ఒకసారీ, ఎక్కువ బాధగా ఉందని మరోసారీ హిప్నాసిస్‌లో సూచించి, మెదడును స్కాన్ చేశారు. నీళ్ళ వేడి మారకపోయినా, నొప్పి తాలూకు బాధను గ్రహించే మెదడు భాగంలో పని మారింది. అంటే నటన కాదన్నమాట. కాలిన గాయాలకు కట్లు మార్చేటప్పుడు, పళ్ళ డాక్టరు కుర్చీలో, ప్రసవంలో కొందరికి ఇది నొప్పినీ భయాన్నీ తగ్గిస్తుంది. మత్తుమందుకు బదులుగా కాదు, దానికి తోడుగా.

రెండోది విచిత్రంగా తోస్తుంది: కడుపు. పరీక్షలన్నీ బాగానే ఉన్నా ఎప్పుడూ కడుపునొప్పి, ఒకరోజు విరేచనాలు, ఒకరోజు మలబద్ధకం. దీన్ని డాక్టర్లు ఐ.బి.ఎస్. అంటారు. 1984లో మాంచెస్టరు డాక్టరు పీటర్ వోర్వెల్, ఈ జబ్బు ముదిరి మందులకు తగ్గని 30 మందిని రెండు భాగాలు చేసి ఒక భాగానికి హిప్నోథెరపీ చేస్తే, వాళ్ళకు స్పష్టంగా మేలు జరిగింది. ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో, పన్నెండు నెలలు మందులు వాడినా తగ్గనివారికి దీన్ని ఆలోచించవచ్చని ఉంది. నాకు జరిగినట్టు ఒక ఘటన తర్వాత పట్టుకున్న భయానికి, పరీక్ష భయానికి, నిద్ర పట్టకపోవడానికి కూడా మిగతా చికిత్సతో కలిపి వాడతారు. సిగరెట్టు మాన్పించడానికి చాలా ప్రకటనలు కనిపిస్తాయి గానీ, అక్కడ రుజువు అంత గట్టిగా లేదు.

అందరికీ ఒకేలా పట్టదు కూడా. పదిమందిలో ఒకరిద్దరు చాలా లోతుగా వెళతారు, ఒకరిద్దరికి అసలు పట్టదు, మిగతావారు మధ్యలో. ఇది తెలివికి సంబంధించింది కాదు, బలహీనతకూ కాదు. స్టేజీ మీద ఉల్లిగడ్డను ఆపిల్ పండు అని కొరికించేవాళ్ళు ముందే జనంలో నుంచి లోతుగా వెళ్ళేవాళ్ళను ఏరుకుంటారు. మా తరానికి హిప్నాటిజం అనే మాట టీవీలో, స్టేజీ మీద పరిచయం చేసింది 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు. మెజీషియన్‌గా పేరు తెచ్చుకుని తర్వాత సైకాలజీ వైపు, కౌన్సెలింగ్ వైపు వచ్చిన మనిషి. స్టేజీ వేరు, చికిత్స వేరు. మన జనం చూసింది ఎక్కువగా స్టేజీయే కాబట్టి చికిత్సలో కూడా అద్భుతం కోసం ఎదురుచూస్తారు.

ఇది జాదూనా, చేయించుకోవచ్చా అని మనవాళ్ళు కొందరు నన్ను అడిగారు. మతపరమైన తీర్పు చెప్పడానికి నేను ఆలిమాను కాను. నాకు తెలిసింది ఒక్కటే: ఇందులో మంత్రం లేదు, తాయెత్తు లేదు, ఎవరినీ పిలవడం లేదు. మీకు ఇష్టం లేనిది మీచేత చేయించే శక్తి ఎవరికీ రాదు. కుర్చీలో నుంచి లేచి వచ్చేయాలనుకుంటే వచ్చేయవచ్చు. నేను ఒకసారి దగ్గు వచ్చి కళ్ళు తెరిచి, నీళ్ళు తాగి మళ్ళీ మూసుకున్నాను.

ప్రమాదాలు లేవని కాదు. మరచిపోయిన సంగతులు బయటికి తీస్తామని, పోయిన నగ ఎవరు తీశారో చెప్పిస్తామని చేసేవాళ్ళను నమ్మకండి. హిప్నాసిస్‌లో మనసు జరగనిదాన్ని కూడా జరిగినట్టే చూపిస్తుంది, ఆ మనిషి దాన్ని నిజమనే నమ్ముతాడు. దీని వల్ల ఇళ్ళల్లో అన్నదమ్ములు విడిపోగలరు. లేని గొంతులు వినిపించే తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవారికి ఇది మేలు కన్నా కీడు చేయవచ్చు. మనోరోగ వైద్యుడు చూడకుండా ముందుకు వెళ్ళకూడదు.

ఇక మూర్ఛ. మెదడులో కరెంటు ఒక్కసారిగా అదుపు తప్పితే వచ్చేది మూర్ఛ. రోజూ వేసుకునే మాత్ర ఆ అదుపును కాపాడుతుంది. దాన్ని హఠాత్తుగా ఆపితే ఒకదాని వెంట ఒకటిగా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కూడా మాత్ర ఆపాలంటే నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. తీవ్రమైన మనోవేదన వల్ల, చూడడానికి మూర్ఛలాగే ఉండే మరో రకం పట్టు కూడా ఉంది. ముఖ్యంగా కోడళ్ళలో, పరీక్షల పిల్లల్లో చూస్తాం. మన పల్లెల్లో దాన్ని గాలి సోకిందంటారు. దానికి మనసు చికిత్సే చేయాలి. అయితే ఏది ఏదో తేల్చవలసింది నరాల డాక్టరు, ఇ.ఇ.జి. పరీక్ష. కళ్ళలోకి చూసి తేల్చేది కాదు. మూర్ఛ పోగొడతామని ప్రకటన చేయడమే 1954 నాటి మాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం.

వెళ్ళవలసి వస్తే ముందు మీ డాక్టరును అడిగి వెళ్ళండి. చేసేవారికి సైకాలజీలోనో వైద్యంలోనో చదువు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి, కోపం వస్తే లేచి వచ్చేయండి. గ్యారంటీ అన్నవాడి దగ్గర, మాత్రలు ఆపమన్నవాడి దగ్గర కూర్చోవద్దు. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు.

ఆ పిల్లవాడు ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాడు. మూడో రోజు నేను వెళితే వాళ్ళ నాన్న బయట వరండాలో టిఫిన్ క్యారియరు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని నాకు అనిపించింది. "అన్నా, ఆ రోజు నేను సగం మాటే చెప్పినాను" అన్నాను. ఆయన కాసేపు ఊరకుండి, "దువా చేయించుకోవచ్చు గదా మేడమ్?" అని అడిగాడు. దువా మానవద్దన్నా, మాత్ర కూడా మానవద్దన్నాను. అప్పటి నుంచి వాడి మాత్రల చీటీ నకలు ఒకటి నా టేబుల్ సొరుగులో ఉంటుంది. నెలాఖరులో వాడే వచ్చి, స్ట్రిప్పులో ఇంకా ఎన్ని ఉన్నాయో చెప్పి వెళతాడు.